దుర్భిణి కళ్లద్దాలతో రెండు మిల్లీమీటర్ల కుట్టు

మా మైక్రోస్కోప్‌కి బూజు పట్టింది. ఎనిమిదేళ్ల కిందటి మాట, ఆగస్టు నెల. నాలుక క్యాన్సర్ ఆపరేషన్. సాయంత్రం నాలుగింటికి మెడలో రక్తనాళాలు కలపడానికి కూర్చున్నాను. ఎంత ఫోకస్ చేసినా బొమ్మ తేటపడదు. మంచు పట్టిన కారద్దంలోంచి బీచ్ రోడ్డు చూస్తున్నట్టుంది. లైటు పెంచమన్నాను, ఐపీస్ తుడవమన్నాను, చివరికి సిస్టర్ చేత నా కళ్లజోడు కూడా తుడిపించుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేనే వంక పెడుతున్నానేమో అనుకున్నారు థియేటర్లో వాళ్లు. ఎలాగో ఆ పూట గట్టెక్కింది.

మర్నాడు బయోమెడికల్ ఇంజనీరు వచ్చి, కింది లెన్సు విప్పి, వెనకనుంచి టార్చి కొట్టి చూపించాడు. గాజు మీద సాలీడు అల్లినట్టు సన్నటి దారాలు. ఫంగస్.

"వైజాగ్‌లో ఇది మామూలే మేడం. సముద్రపు గాలి. రాత్రి ఏసీ ఆపేస్తారు, పైన ప్లాస్టిక్ కవరు కప్పేస్తారు. లోపల చెమ్మ ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

శుభ్రం చేయించడానికి బయటి ఊరు పంపాలి, మూడు వారాలు పడుతుందన్నారు. నా లిస్టులో నలుగురున్నారు. నోటి క్యాన్సర్‌కి మూడు వారాల తర్వాత రమ్మని చెప్పడం కుదరదు. మైక్రోస్కోప్ బదులు కళ్లకి పెట్టుకునే లూప్స్ గురించి నేను మొదటిసారి గట్టిగా ఆలోచించింది అప్పుడే, అదీ అవసరం మెడ మీద కూర్చుంటే.

ఈ రంగం తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. నోట్లోంచి క్యాన్సర్ గడ్డ తీసేశాక అక్కడ గుంత మిగులుతుంది. ఒక్కోసారి సగం నాలుక పోతుంది, ఒక్కోసారి దవడ ముక్క పోతుంది. ఆ గుంత పూడ్చడానికి ముంజేతి నుంచి చర్మం, తొడ నుంచి కండ, పిక్క పక్కనుండే సన్నటి ఎముక, ఏది కావాలంటే అది తెస్తాం. దీన్ని ఫ్లాప్ అంటాం. ఫ్లాప్ బతకాలంటే దానితో వచ్చిన ఒక ధమనినీ, ఒకటో రెండో సిరలనూ మెడలోని నాళాలకు కుట్టాలి. ముంజేతి ధమని రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. దాని పక్కన వచ్చే సిరలు ఇంకా సన్నం, గోడ తడిసిన టిష్యూ పేపరులా ఉంటుంది. దారాన్ని 9-0 అంటాం. మందం మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల పైచిలుకు, తల వెంట్రుకలో సగానికి అటూ ఇటూ. సూదితో సహా కింద పడిందంటే ఇక సిస్టర్ మొహం చూడలేం.

ఇదంతా మామూలు కంటితో అయ్యే పని కాదు. ఏదో ఒకటి పెద్దది చేసి చూపించాలి. మాకున్నవి రెండు దారులు. ఒకటి మైక్రోస్కోప్, నేలమీద నిలబడి, పొడుగాటి చెయ్యి చాపి, నాలుగైదు రెట్ల నుంచి ఇరవై దాటేదాకా చూపిస్తుంది. రెండోది లూప్స్, కళ్లజోడు అద్దాల్లో బిగించిన చిన్న టెలిస్కోపులు, రెండున్నర నుంచి ఐదు, ఆరు రెట్లు.

నేను ట్రెయినింగ్ అయిన చోట లూప్స్ మాటెత్తితే తిట్లు పడేవి. ఫ్లాప్ లేపడానికీ, అంటే దాన్ని ఒంట్లోంచి కోసి తీయడానికీ, మెడలో గ్రంథులు తీయడానికీ రెండున్నర రెట్లవి పెట్టుకోవచ్చు. నాళాలు కలిపే వేళకి వాటిని తీసి పక్కన పెట్టాలి. "మైక్రోస్కోప్ రాకుండా 9-0 ప్యాకెట్ తెరిచినవాడు నా థియేటర్లో ఉండడు" అనేవారు మా ప్రొఫెసరు. దాన్ని వేదవాక్కులా మోసుకుని వైజాగ్ వచ్చాను.

ఇక్కడ మైక్రోస్కోప్ ఒక్కటే, వాటాదారులు ముగ్గురం. పొద్దున ఈఎన్‌టీ వాళ్ల చెవి ఆపరేషన్లు, మధ్యలో న్యూరో వాళ్లు, మిగిలిన పొద్దు నాది. మా ఈఎన్‌టీ సార్ ఏడిపించేవారు, "అసలిది మాదమ్మా. 1921లో స్టాక్‌హోమ్‌లో నీలెన్ అనే చెవి డాక్టరు చెవిలోకి చూడ్డానికి మొదలెట్టాడు. మీ వాళ్లు నాళాలు కుట్టడానికి 1960 దాకా రాలేదు" అని. ఆయన మాట నిజమే. అమెరికాలో వెర్మాంట్‌లో జాకబ్‌సన్, స్వారెజ్ అనే ఇద్దరు మైక్రోస్కోప్ కింద సన్నటి నాళాలు కలిపి చూపించింది 1960లోనే. అయితే ఆయన దయతలచి వదిలేసరికి మైక్రోస్కోప్ చెవి కోణంలో వంగి, సీటు ఎత్తు మారి, బ్యాలెన్సు తప్పి ఉండేది. సర్దుకోవడానికే అరగంట.

ఊళ్లో ఒక సీనియర్ ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారు. చాలా ఏళ్లుగా లూప్స్ మీదే కలుపుతున్నారని విన్నాను. ఫోన్ చేసి నా గోడు చెప్పుకున్నాను.

"ఒకసారి వచ్చి చూడమ్మా. చూశాక నచ్చకపోతే మానెయ్" అన్నారు.

వెళ్లి ఆయన వెనక నుంచున్నాను. నిల్చునే కుట్టారు. ధమని ఇరవై రెండు నిమిషాల్లో అయిపోయింది. నాళాన్ని నొక్కి పట్టిన క్లాంపు వదలగానే రక్తం పరిగెత్తింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. నా మొహం చూసి నవ్వి, "1995లోనే సెర్లెట్టి అనే సర్జను, ఆయన వాళ్లు లూప్స్‌నీ మైక్రోస్కోప్‌నీ పోల్చి రాశారు. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. నువ్వు చదవలేదంతే" అన్నారు. ఇంటికొచ్చి చదివాను. అలాంటివి ఇంకా ఉన్నాయి. ఒక్కటి మాత్రం అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. లూప్స్‌తో చేసి బాగా వచ్చిందని రాసేవాళ్లు అప్పటికే మైక్రోస్కోప్ కింద వందలు కుట్టి చెయ్యి తిరిగినవాళ్లు. కొత్తగా నేర్చుకునేవాడు ఆ వ్యాసం ఒక్కటీ చదివి మైక్రోస్కోప్ వదిలేస్తే కొంప మునుగుతుంది.

సరే, కొందామనుకున్నాను. ఎన్ని రెట్లవి? పెద్దవైతే మంచిదే కదా అనుకుంటాం. రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర చిన్నదవుతుంది, లోతు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. రెండున్నర రెట్లవి గెలీలియన్ రకం, పొట్టిగా తేలిగ్గా ఉంటాయి. మూడున్నర, అంతకు పైవి ఎక్కువగా ప్రిజం రకం. పొడుగ్గా ముందుకు పొడుచుకొచ్చి ముక్కు మీద కూర్చుంటాయి. ఐదున్నర పెట్టుకుని చూశాను. నాళం చక్కగా కనిపించింది గానీ, సిస్టర్ సూది అందిస్తుంటే ఆ చెయ్యి ఎక్కడినుంచి వస్తోందో తెలియలేదు. తల ఒక్క వేలెడు కదిపినా ఫోకస్ పోయింది. మూడున్నర దగ్గర ఆగాను. మొత్తం నాళం, రెండు క్లాంపులు, నా రెండు ఫోర్సెప్స్ మొనలు, కాస్త అవతల దారం తోక, అన్నీ ఒకే చూపులో ఇమిడాయి.

కొలతలు తీసుకోవడానికి కంపెనీ కుర్రాడు ఓపీకి వచ్చాడు. చుట్టూ పేషెంట్లు. కుర్చీలో కూర్చోబెట్టి, కనుపాపల మధ్య దూరం కొలిచి, చేతిలో ఒక కార్డు పట్టుకోమని, కంటికీ దానికీ ఉన్న దూరం రాసుకున్నాడు. ముప్పై నాలుగు సెంటీమీటర్లు. ఆరు వారాలకు లూప్స్ వచ్చాయి. పెట్టుకున్న మొదటి వారమే మెడ పట్టేసింది. రెండో వారానికి కుడి చెయ్యి బొటనవేలు తిమ్మిరి. స్కూటీ మీద వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

కారణం ఆలస్యంగా తట్టింది. ఓపీ కుర్చీలో కార్డు పట్టుకోవడం వేరు, థియేటర్లో మెడలోపల అంత లోతున సూది పెట్టడం వేరు. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మా అసిస్టెంటు ఆరడుగుల మనిషి. టేబుల్ అతనికి తగ్గట్టు పైకి లేపితే నేను స్టూలెక్కి నిలబడతాను. స్టూలు మీదనుంచి ముప్పై నాలుగు సెంటీమీటర్ల దూరానికి కళ్లు తేవాలంటే కొంగలా మెడ వంచాలి. దానికి తోడు టెలిస్కోపులు అద్దంలో బిగించిన కోణం కూడా చాల్లేదు. అద్దంలోనే బిగించిన రకం కాబట్టి స్క్రూ తిప్పి సర్దుకునే వీల్లేదు, మళ్లీ చేయించాల్సిందే. వాళ్లు మళ్లీ డబ్బు అడిగారు. కొలిచింది మీ మనిషే కదా అంటే, కార్డు పట్టుకుంది మీరే కదా అన్నారు. వాదించే ఓపిక లేక కట్టాను. ఈసారి నలభై రెండు సెంటీమీటర్లు, కోణం ఇంకా కిందికి. మెడ నొప్పి నెలలో సర్దుకుంది.

లూప్స్ చేతికొచ్చాయి కదా అని మనిషి మీద మొదలెట్టలేం. ఎంవీపీ కాలనీలో రైతు బజారు దగ్గర చికెన్ షాపులో, స్కిన్ తియ్యకుండా, ముక్కలు కొట్టకుండా తొడలు కావాలని అడిగాను. "తందూరీకా మేడం?" అన్నాడు. అవునన్నాను. కోడి తొడలో ఎముక వెంబడి ఒక ధమని ఉంటుంది, దాదాపు మన ముంజేతి దానంత. పక్కనే సిర. పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద ట్రే పెట్టి, టేబుల్ ల్యాంపు వంచి, కత్తిరించి కలిపేదాన్ని. కలిపాక సిరంజితో ఎర్ర రంగు నీళ్లు ఎక్కించి ఎక్కడ కారుతోందో చూడ్డం. ఆ తర్వాత నాళాన్ని నిలువునా చీల్చి, లోపల కుట్లు ఎలా పడ్డాయో చూడ్డం. అసలు పాఠం ఈ చివరి దాంట్లోనే ఉంది. పైనుంచి ముత్యాల వరుసలా కనిపించిన కుట్లు లోపల చూస్తే ఒకటి లోతుగా, ఒకటి అంచుకి, ఒకటి ఎదుటి గోడను కూడా పట్టుకుని.

ఒక రాత్రి పదకొండింటికి మా అమ్మ వచ్చి నిలబడి, "ఆ కోడికి నువ్వు ఎంత రక్తం ఎక్కించినా లేవదు గానీ, వచ్చి అన్నం తిను" అంది. నలభై తొడలయ్యాయి. మా ఇంట్లో ఆర్నెల్లు చికెన్ వండలేదు, ఎవరూ తినం అనేశారు.

లూప్స్ మీద నా మొదటి కేసు ఒక మామ్మ. భీమిలి అవతల ఒక జాలరి ఊరు. అడ్డపొగ తాగుతుంది. అంటే చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకి ఈ అలవాటు ఎప్పటిదో. గాలికి నిప్పారదు, నుసి మీద పడదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి అంటారు. ఆ వేడికి అంగిలి కాలి కాలి పుండవుతుంది. మా ఊరి ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు 1957లోనే కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కీ ఈ చుట్టకీ ఉన్న సంబంధం గురించి రాశారు. ఇన్నేళ్లయినా మా ఓపీలో అడ్డపొగ మామ్మలు తగ్గుతున్నారు తప్ప ఆగలేదు.

మామ్మకి అంగిలి సగం తీసేయాల్సి వచ్చింది. ముంజేతి చర్మం తెచ్చి మూశాం. ధమనిని చెంప కింది నుంచి సొరంగంలా దారి చేసి మెడలోకి దించి, ముఖానికి వెళ్లే ఫేషియల్ ధమనికి కలపాలి. డెబ్బై ఏళ్ల మనిషి, నాళాల లోపలి పొర గట్టిపడి ఉంది. కత్తిరించిన అంచులో తెల్లటి రింగు. సూది బయటినుంచి గుచ్చితే ఆ పొర విడిపోయి లోపలికి వేలాడుతుంది, దానికి రక్తం గడ్డకడుతుంది. అందుకే ఆ వైపు లోపలినుంచి బయటికి గుచ్చాలి. మూడున్నర రెట్లలో ఆ రింగు కనిపించిందా అంటే కనిపించింది. ఆ పొర గోడని అంటుకుని ఉందా, ఊడిందా అన్నది మాత్రం తల కాస్త అటూ ఇటూ తిప్పి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు కలిపిన సెలైన్ చిమ్మి, గోడలు తేలిపోతుంటే చూసి తేల్చుకోవాల్సి వచ్చింది. తొమ్మిది కుట్లు. క్లాంపు తీసేముందు ఊపిరి బిగబట్టాను. తీశాక పది క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఫ్లాప్ సిర ఊదాగా ఉబ్బింది, అంగిలిలో చర్మం అంచున ఎర్రగా ఊరింది. "గాడిన పడింది మేడం" అన్నాడు మత్తు డాక్టరు, తల ఎత్తకుండానే.

మర్నాడు వార్డులో హెడ్‌లైటు, లూప్స్ పెట్టుకుని నోట్లోకి చూస్తుంటే మామ్మ చెయ్యెత్తి ఆపింది. ట్యూబు వల్ల మాట రాదు. కొడుకు చేత పలక తెప్పించుకుంది. రాయడం రాదు కాబట్టి రెండు సున్నాలు గీసి నా కళ్లవైపు చూపించింది. కొడుకు నవ్వి, "ఆ దుర్భిణి ఏటని అడుగుతంది మేడం" అన్నాడు. అప్పటినుంచి మా వార్డులో లూప్స్ పేరు దుర్భిణే.

లూప్స్‌తో చేస్తుంటే కొన్ని సుఖాలు నిజంగా ఉన్నాయి. మెడ అంటే సమతలం కాదు. దవడ ఎముక ఒకవైపు అడ్డం, బొద్దు మనిషైతే గడ్డం కింద కొవ్వు ఇంకోవైపు. మైక్రోస్కోప్ కింద ఆ లోయలోకి చూపు పంపాలంటే చెయ్యి వంచి, మళ్లీ వంచి, శుభ్రంగా పరిచిన గుడ్డలకి తగలకుండా చూసుకోవాలి. లూప్స్ అయితే తల వంచితే చాలు. ఇంకోటి, కెరోటిడ్ కొట్టుకోవడం. మెడలోని పెద్ద ధమని పక్కనే కుడుతున్నాం కాబట్టి ప్రతి గుండె చప్పుడుకీ మొత్తం ఫీల్డు ఎగిరెగిరి పడుతుంది. పన్నెండు రెట్లలో అది ఉయ్యాలలా ఉంటుంది, సూది మొన ఫోకస్‌లోకి వస్తూ పోతూ. మూడున్నరలో అంత బాధించదు. నిమిషానికి డెబ్బైసార్లు ఊగే ఉయ్యాల మీద కుట్టడం నేర్చుకోవడం కన్నా ఊగనట్టు చూపించే కళ్లద్దాలు నయం అనిపించింది. టైమూ కలిసొచ్చింది. ఒక్క కేసుకి ముప్పావుగంట దాకా తగ్గింది, అందులో సగం మైక్రోస్కోప్ కోసం ఎదురుచూపే అనుకోండి.

సుఖం లేనివి కూడా చెప్పాలి. మైక్రోస్కోప్ దగ్గర నిటారుగా కూర్చుంటాం, మోచేతులకి ఆనిక ఉంటుంది. లూప్స్ దగ్గర కొలత ఎంత సరిపోయినా మెడ వంగుతుంది. వర్షాకాలం మాస్కులోంచి వచ్చే ఊపిరికి అద్దాలు మసకబారతాయి, ముక్కు మీద టేపు అంటించుకోవాలి. హెడ్‌లైటు బ్యాటరీ నడుముకి. ఒకసారి సిర కుడుతుండగా అదీ చచ్చిపోయింది.

వీటన్నిటికన్నా పెద్ద లోటు ఒకటుంది. నాకది రెండేళ్ల తర్వాత, ఒక రాత్రి తెలిసింది.

గాజువాక ఆటో డ్రైవరు, నలభై రెండేళ్లు, గుట్కా. దవడలో నాలుగంగుళాలు పోయింది. పిక్క ఎముక తెచ్చి, మూడు ముక్కలుగా కోసి, ప్లేటు మీద దవడ ఆకారానికి బిగించాం. పొద్దున ఎనిమిదింటికి మొదలైతే నాళాల దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. ధమని చక్కగా అయింది. సిర కుట్టేసరికి నాకు కాళ్లు పీకుతున్నాయి. సిర గోడలు మెత్తన, నీళ్లు ఆగగానే రెండూ అతుక్కుపోతాయి. చివరి మూడు కుట్లు ముడి వేయకుండా వదిలి, లోపలికి ఒకసారి చూసి, అప్పుడు ముడి వేయాలన్నది నాకు తెలిసిన సూత్రం, నేను నేర్పే సూత్రం. ఆ రోజు ఆ చూపు చూడలేదు. రక్తం పారింది, సిర నిండింది, ఫోర్సెప్స్‌తో పిండి చూస్తే మళ్లీ నిండింది. బాగుందనుకుని మూసేశాం.

రాత్రి ఒకటిన్నరకి డ్యూటీ డాక్టర్ ఫోన్. "మేడం, ఫ్లాప్ రంగు మారుతోంది. సూదితో గుచ్చితే నల్లగా, గబగబా వస్తోంది." అంటే రక్తం వస్తోంది, పోవట్లేదు. సిర మూసుకుంది. ఇలాంటప్పుడు ప్రతి గంటా లెక్కే. ఖాళీ బీచ్ రోడ్డు మీద ఎంత వేగంగా వెళ్లానో చెప్పను.

థియేటర్లో ఈసారి మైక్రోస్కోప్ తెప్పించాను. ఎదురుగా రెండో ఐపీస్ దగ్గర మా జూనియర్. పన్నెండు రెట్లు. సిర తెరిచి, గడ్డ తీసి, కడిగాను. నేను ఇంకా చూస్తుండగానే జూనియర్ మెల్లగా అన్నాడు, "మేడం, గడియారంలో ఏడు గంటలుండే చోట కుట్టు... వెనక గోడ కూడా పట్టుకుంది కదా?"

పట్టుకుంది. నల్లటి దారం, ముందు గోడలోంచి దిగి, వెనక గోడని చిటికెడు పైకి లాక్కొచ్చింది. దాని చుట్టూనే గడ్డ. ఆ చోటు కత్తిరించి, కొత్త అంచుల్ని మళ్లీ కలిపి, రెండో సిరని కూడా ఇంకో చోట కలిపాను. తెల్లవారి ఆరింటికి ఫ్లాప్ గులాబీ రంగుకి తిరిగింది. అతను ఇప్పటికీ ఆటో నడుపుతున్నాడు.

ఆ కుట్టు లూప్స్ వల్ల పడిందా? చాలాసార్లు అడుక్కున్నాను. మూడున్నర రెట్లలో కూడా చూస్తే అది కనిపించేదే. చూడకపోవడం నా అలసట. కానీ పొద్దుటి ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ ఉండుంటే అదే జూనియర్ ఎదుటి ఐపీస్‌లో నేను చూసేదే చూసేవాడు, ఆ మాట సాయంత్రమే అనేవాడు. లూప్స్ పెట్టుకున్నప్పుడు నేనొక్కదాన్నే చూస్తున్నాను. అసిస్టెంటు ఉత్త కంటితో దారం తోక పట్టుకుని, నా మొహం చూసి సంగతి గ్రహిస్తున్నాడు. రికార్డింగ్ లేదు, తెర లేదు. ఎన్ని రెట్లు అన్న లెక్కలో నేను ఇంతకాలం ఈ రెండో జత కళ్లని కలపలేదు.

ఆ తర్వాత మా పద్ధతి మారింది. ఇప్పుడు నాతోపాటు అసిస్టెంటు కూడా మూడున్నర రెట్లవి పెట్టుకోవాల్సిందే, లేకపోతే నాళాల వేళకి మైక్రోస్కోప్ వస్తుంది. చివరి మూడు కుట్లు ముడి వేసేముందు అతను లోపలికి చూసి, పైకి వినబడేలా "ఖాళీగా ఉంది" అనాలి. ఈ మాట వినగానే కొత్త సిస్టర్లు బెదిరిపోతారు, ఏదో తప్పిపోయిందనుకుని. రెండు మిల్లీమీటర్ల పైబడిన నాళాలు, మొదటిసారి మెడ తెరిచిన కేసులు అయితే లూప్స్. మిల్లీమీటరున్నర లోపు నాళం, రేడియేషన్ తిన్న మెడ, పిల్లలు, లోపలి పొర ఊడుతున్న ముసలి నాళం, రెండోసారి తెరిచిన కేసు, వీటికి మైక్రోస్కోప్, ఎంత ఆలస్యమైనా. జూనియర్ నేర్చుకుంటున్న రోజు కూడా మైక్రోస్కోపే. తప్పు ఇద్దరికీ ఒకేసారి కనిపించాలి. మా సీనియర్ సార్‌కి ఇది చాదస్తంలా ఉంటుంది. "నీకు భయం పట్టుకుంది" అంటారు. పట్టుకుంది సార్, అంటాను.

సిరలకి ఇప్పుడు కప్లర్ ఉంది. రెండు చిన్న రింగులు, సిర అంచుల్ని వాటి ముళ్లకి గుచ్చి నొక్కితే కలిసిపోతాయి. వెనక గోడ గొడవ దాదాపు ఉండదు. ఖరీదు చూసి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కేసుల్లో చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ఒక కాన్ఫరెన్సులో ఎక్సోస్కోప్ కూడా చూశాను. కెమెరా పైన, త్రీడీ కళ్లద్దాలు మనకి, బొమ్మ గోడంత తెర మీద. మెడ వంచక్కర్లేదు, గదిలో అందరూ చూస్తారు. పది నిమిషాలు సిలికాన్ గొట్టం మీద కుట్టాను. నా చేతులు ఒకచోట, చూపు ఇంకోచోట. అత్తారింట్లో మొదటి వంటలా ఉంది, ఏ డబ్బాలో ఏముందో తెలియదు. బాగుంటుందనే అనిపించింది, అలవాటు పడితే.

కిందటేడు ఇంకో సమస్య మొదలైంది. లూప్స్‌లోంచి చూస్తే దారం స్పష్టం. టెలిస్కోపు పక్కనుంచి సిస్టర్ చూపించే సూది ప్యాకెట్ మీద 8-0 ఉందో 9-0 ఉందో చదవలేకపోయాను. చత్వారం. నలభై ఆరేళ్లకి రాకుండా ఉంటుందా? టెలిస్కోపు ముందే ఆ దూరానికి అమర్చి ఉంటుంది కాబట్టి అందులో చూసినంతసేపూ తెలియలేదు. కింది అద్దంలో పవరు వేయించాలంటే మళ్లీ కంపెనీ, మళ్లీ ఆరు వారాలు. ఈలోపు సిస్టర్ ప్రతి ప్యాకెట్‌నీ గట్టిగా చదివి చెబుతోంది. "నైన్ జీరో మేడం, నైన్ జీరో."

మొన్న మా కొత్త రెసిడెంట్ వచ్చి అడిగింది, "మేడం, లూప్స్ కొందామనుకుంటున్నా. రెండున్నరా, మూడున్నరా, నాలుగున్నరా? అందరూ నాలుగున్నర అంటున్నారు."

"ముందు రెండున్నర కొనుక్కో. ఫ్లాప్ లేపడానికీ, మెడ పనికీ అవే. నాళాలు నాతో పాటు మైక్రోస్కోప్‌లో కుట్టు, ఒక యాభై అయ్యాక మిగతా సంగతి చూద్దాం" అన్నాను.

"కొలతలకి కంపెనీ అతను రేపు ఓపీకి వస్తానన్నాడు మేడం."

ఓపీలో వద్దన్నాను. ఖాళీగా ఉన్న థియేటర్‌కి రమ్మన్నాను. టేబుల్ మీద దిండు పెట్టి, దాని పక్కన మెడ లోతుకి దుప్పటి మడత పెట్టి, గౌను తొడిగించి, ఆరడుగుల అసిస్టెంటుని ఎదురుగా నిలబెట్టి, టేబుల్ అతని ఎత్తుకి లేపించాను. ఆ అమ్మాయి స్టూలెక్కింది. చేతిలో ఫోర్సెప్స్ పెట్టుకుని, దుప్పటి మడతలోకి వంగింది. కంపెనీ అతను టేపు పట్టుకుని ఆమె కంటి దగ్గరినుంచి కిందికి కొలిచాడు.

"నలభై ఐదు" అన్నాడు, ఆశ్చర్యంగా. "ఓపీలో అయితే ముప్పై ఆరు వచ్చేది మేడం."

"రాసుకో" అన్నాను.